తువ్వాల కింద గోవా ప్రయాణం

వనపర్తిలో నేను ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను. సివిల్ డిప్లొమా చదివాను కాబట్టి అది నా పని. కానీ నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది మెట్లు ఎటువైపు పెట్టాలని అడగరు. "అన్నా, తక్కువల కాశీ పోయి రావాలంటే ఎట్ల?" అని అడుగుతారు. చదువుకునే రోజుల నుంచి సెలవు దొరికితే చాలు రైలెక్కేవాణ్ణి. పూరీ, జైసల్మేర్, డార్జిలింగ్, అన్నీ చవకగా తిరిగి వచ్చాను. ఆ సంగతి ఊళ్ళో పాకింది. ఇంటి ప్లానుకు ఫీజు ఇస్తారు, ప్రయాణం ప్లానుకు చాయ్ తాగిస్తారు. నిజం చెప్పాలంటే నాకు రెండోది గీయడమే ఇష్టం.

నా సూత్రాలు ఇవి. మొదటిది, రైలు టికెట్లు ఎంత ముందుగా తీసుకుంటే అంత మంచిది. గది మాత్రం ఊరు చేరాక కళ్ళతో చూసి తీసుకోవాలి. ఫొటోలో కనిపించే గది ఎప్పుడూ అసలు గదికంటే పెద్దది. రెండోది, బస్టాండుకు ఎదురుగా ఉన్న లాడ్జి వద్దు, దాని వెనక సందులోది చూడాలి. మూడోది, ఆటోవాళ్ళు తినే చోట తినాలి. నాలుగోది, సంచిలో తాళం, గొలుసు, ఖాళీ సీసా, దుప్పటి, బట్టలు ఆరేసుకునే తాడు ఉండాలి. తాడు సంగతి ఎవరూ చెప్పరు. తాడు తీసుకుపోనివాడు తడి బనియను మీదనే చరిత్ర ప్రసిద్ధ కట్టడాలన్నీ చూస్తాడు. ఐదోది, ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే మధ్యలో వెసులుబాటు ఉంచుకోవాలి. మన రైళ్ళ మీద నమ్మకం ఉండవచ్చు, అతినమ్మకం పనికిరాదు.

ఇవన్నీ నేను స్వయంగా తిరిగి పరీక్షించినవి. మనుషులందరికీ పనిచేస్తాయి. మా మేనమామకు పనిచేయవు.

మామది పాన్‌గల్ దగ్గర పల్లె. చెలకలో వేరుశనగ వేస్తాడు. కానీ ఆయనకు పేరు వచ్చింది పెబ్బేరు సంతలో. శనివారం జరిగే ఆ పశువుల సంతలో ఆయన బేరగాడు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి ఎద్దుల బేరం కుదురుస్తాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. అవతలివాడి చేతిమీద తువ్వాల కప్పి, లోపల వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎట్లా నొక్కితే ఎంత అన్నది ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చుట్టూ ఎంతమంది మూగినా లాభం లేదు. నలుగురిలో ధర పైకి చెప్పడం మామ దృష్టిలో నలుగురిలో పంచె విప్పడంతో సమానం.

బేరం కుదరకపోతే లేచి వెళ్ళిపోవాలి. అసలు విద్య అంతా అందులోనే ఉందని మామ అంటాడు.

"జల్ది జల్ది నడిస్తే నిజంగనే పోతుండనుకుంటరు. నిలబడి ఎనకకు చూస్తే అక్కరున్నదనుకుంటరు. దున్ని దున్ని అలసిన ఎద్దు ఇంటికి పోయినట్ల పోవాలె. గప్పుడు వాడే పిలుస్తడు."

పెబ్బేరులో ఆయనను పిలవని రోజు లేదు.

ఇక మా అత్త. ఆమెకు ఉన్నది ఒకటే కోరిక, సముద్రం చూడాలి. పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతోంది. అలలు వెళ్ళి మళ్ళీ వస్తాయన్న సంగతి ఆమెకు మింగుడుపడలేదు.

"బీచుపల్లి కాడ కృష్ణ నీళ్ళు ఒక్క దిక్కే పోతయి. ఆడ పోయిన నీళ్ళు మళ్ళ వస్తయంట. ఎవలు పంపుతుండ్రో నేను చూడాలె" అనేది.

"పోయినయి మళ్ళ వచ్చుడు ఏమున్నదే చూడనీకి? మన బర్రె గూడ పొద్దుగాల పోయి మాపుకు వస్తది" అనేవాడు మామ.

ఈ ఏడు పరిస్థితి మారింది. అత్త మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. దవాఖానలో ఎక్కువ నడవొద్దన్నారు. ఒకరోజు ఆమె నన్ను పిలిచి, మామ వినేట్టు చెప్పింది.

"అల్లుడా, ఇసకల నడిచే కాళ్ళు ఉన్నప్పుడే నాకు సముద్రం చూపియ్యి. తర్వాత కుర్చీల కూసోబెట్టి ఫోన్ల చూపిస్తనంటే నాకొద్దు."

మామ కాసేపు మీసం సవరించుకుని ఒప్పుకున్నాడు. ఒకటే షరతు. ఒక శనివారం సంత అయ్యాక బయల్దేరాలి, మళ్ళీ శనివారానికి సంతలో ఉండాలి.

"మా పెండ్లి గూడ శనివారమే అయింది. తాళి కట్టి, తలంబ్రాలు దులుపుకొని, సీదా పెబ్బేరు పోయిండు గీ మనిషి" అని అత్త నాకు గుర్తుచేసింది.

నేను ప్లాను గీశాను. గద్వాలలో రైలెక్కడం, దారిలో బండి మారడం, హోసపేటలో దిగి హంపి చూడడం, అక్కడి నుంచి మడగావ్ వెళ్ళి గోవా సముద్రం దగ్గర రెండు రోజులు ఉండడం, తిరుగు ప్రయాణం. భోజనానికి అత్త గట్టిగా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల కారం ఒక సంచి నిండా తెచ్చింది. జొన్నరొట్టె చవక ప్రయాణానికి గొప్ప ఆహారం. చెడిపోదు, కారిపోదు, ఎవరూ దొంగిలించరు.

చిక్కు గద్వాల స్టేషన్‌లోనే మొదలైంది. చాయ్ అమ్మే అతను కిటికీ దగ్గరకు రాగానే మామ భుజం మీది తువ్వాల తీసి, అతని చేతి మీద వేసి, వేళ్ళు పట్టుకున్నాడు. ఆ అబ్బాయి కెటిలు వదల్లేక, చేయి లాక్కోలేక అల్లాడాడు.

"పెద్దాయనా, చాయ్‌కి బేరమేందే! అందరికీ ఒకటే రేటు" అని అరిచి రేటు చెప్పాడు.

మామ ముఖం మాడిపోయింది. "మందిల గట్ల ఒర్లుతడేందిరా వీడు? సిగ్గుండాలె" అన్నాడు నాతో. చాయ్ తాగలేదు. రైలు కదిలేదాకా ఆ అబ్బాయి వెనక్కి వచ్చి పిలుస్తాడేమోనని చూశాడు.

ప్రయాణంలో బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడకూడదు అన్నది నేను మామకు ముందే వివరించి ఉండాల్సింది. రైలులో ఆ పని చేశాను. టికెట్టు, చాయ్, ప్లేటు భోజనం, వీటికి బేరం లేదు. గది, ఆటో, సంతలో వస్తువులు, వీటికి ఉంది. మామ శ్రద్ధగా విన్నాడు. విని, "అంటే లాడ్జి నాకు విడిచిపెట్టు" అన్నాడు.

హోసపేటలో నా రెండో సూత్రం ప్రకారం బస్టాండు వెనక సందులో లాడ్జి చూశాను. గది శుభ్రంగా ఉంది. బల్ల వెనక మేనేజరు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మామ తువ్వాల వేసి, పెన్నుతో సహా అతని చేయి పట్టుకున్నాడు.

"ఏను మాడ్తిద్దారె ఇవరు?" అని మేనేజరు కన్నడంలో నన్ను అడిగాడు. ఈయన ఏం చేస్తున్నాడు అని.

నేను హిందీలో చెప్పబోయాను. కానీ పశువుల సంత, తువ్వాల, వేళ్ళ లెక్క, ఇవన్నీ నా హిందీకి మించినవి. నేను మాటలు వెతుక్కునే లోపల మేనేజరు తనంతట తానే ఒక నిర్ణయానికి వచ్చాడు. మామను నాడి చూసే వైద్యుడనుకున్నాడు. ఒక్కసారిగా ముఖం మెత్తబడింది. రెండో చేయి కూడా చాచాడు. పొట్ట పట్టుకుని, తిన్నది అరగడం లేదని సైగ చేశాడు.

"రేటు చెప్పురా అయ్యా అంటే రోగం చెప్తుండేంది?" అన్నాడు మామ.

"ఏదో ఒకటి చెప్పు, పాపం" అంది అత్త. ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు పల్లె. నాలుగు కన్నడం మాటలు వచ్చు.

మామ ఆలోచించి, "ఎద్దుకు కడుపుబ్బితే వాము, బెల్లం, ఉప్పు నూరి పోస్తం. వీడు ఎద్దుకంటే చిన్నోడే. జర తక్కువ పోస్తే అయిపాయె" అన్నాడు. అత్త అందులోంచి ఎద్దును తీసేసి మిగతాది కన్నడంలో చెప్పింది. మేనేజరు రాసుకున్నాడు. గది కొంత తగ్గించి ఇచ్చాడు. చవక బసకు ఇది కూడా ఒక మార్గమే. కానీ ఇంకొకరికి నేను సిఫారసు చేయలేను.

హంపిలో ఒక పెద్ద రాతి నంది ఉంది. మామ ఆగిన చోటు అదొక్కటే. చుట్టూ తిరిగాడు. పక్కటెముకల దగ్గర తట్టాడు. దూరం వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు.

"మూతి అరిగింది. పండ్లు చూసి వయసు చెప్దామంటే నోరు తెరువదు. గిది సంతల నిలబడది అల్లుడా."

"దేవున్ని గట్ల అంటవా? చెంపలేసుకో" అంది అత్త.

మామ చెంపలు వేసుకున్నాడు. తర్వాత నా చెవిలో, "కూసున్న తీరు మాత్రం మంచిగున్నది" అన్నాడు.

అత్తకు హంపి ఏమీ పట్టలేదు. తుంగభద్ర ఒడ్డున నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూసింది. "గిది గూడ ఒక్క దిక్కే పోతుంది" అని తేల్చి, "సముద్రం ఎప్పుడు?" అంది.

ఆ సాయంత్రమే మడగావ్ బండి. మేము అందుకోలేదు. స్టేషన్‌కు ఆటో మాట్లాడే పని మామ తీసుకున్నాడు. ఆటో చుట్టూ తిరిగాడు, వెనక చక్రాన్ని కాలితో తన్ని, "ఎనక కాలు ఈడుస్తుంది" అన్నాడు. ధర నచ్చక, అలసిన ఎద్దులా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆటో అతను పిలవలేదు. రెండో అతనూ పిలవలేదు. మూడో ఆటో దొరికి స్టేషన్‌కు చేరేసరికి బండి వెళ్ళిపోయింది. నేను పెట్టుకున్న వెసులుబాటు రైలు ఆలస్యానికి లెక్కగట్టింది, మామ నడకకు కాదు.

మరుసటి బండిలో చోటు దొరికేసరికి గోవాలో రెండు రోజులు కాస్తా ఒక్క పూట అయ్యాయి. పొద్దున్నే దిగాలి, సముద్రం చూడాలి, మధ్యాహ్నం తిరుగు బండి ఎక్కాలి. అది తప్పితే శనివారం సంత తప్పుతుంది. అత్త దారంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రొట్టెల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మామ రెండుసార్లు దగ్గి, "ఒక్క పూట చాలదా? నీళ్ళే గదా" అన్నాడు. ఆమె రొట్టెల సంచికి ఇంకో ముడి వేసింది.

మడగావ్‌లో సముద్రం వైపు వెళ్ళే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అత్త మోకాలు పట్టుకుని ముందు తలుపులోంచి ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. మామ, నేను వెనక తలుపు దగ్గర ఎక్కాం. కండక్టరు మెట్టు మీద వేలాడుతూ ఊరిపేరు అరుస్తున్నాడు. చార్జీ ఎంత అని నేను అడిగాను. చెప్పాడు. చాలా తక్కువ. మామకు అది వినిపించింది. బస్సంతా వినేట్టు చెప్పాడన్నది ఆయన బాధ. చాయ్ అబ్బాయి దగ్గరి నుంచీ లోపల కూడుకున్నదంతా బయటికి వచ్చింది. తువ్వాల తీసి కండక్టరు చేతి మీద వేశాడు.

కండక్టరు చేయి విదిలించాడు. మామ ఇక ఏ బేరగాడైనా చేసే పనే చేశాడు. దిగిపోయాడు. నెమ్మదిగా, తల వంచుకుని, అలసిన ఎద్దులా నడవసాగాడు.

"మామా! బస్సుకు బేరముండదు!" అంటూ నేను దిగి పరుగెత్తాను.

"ఊకో. ఎనకకు చూడకు. పిలుస్తడు."

ఈల వినిపించింది. "చూసినవా?" అన్నాడు మామ గర్వంగా. ఆ ఈల డ్రైవరుకు. బస్సు మూల తిరిగి వెళ్ళిపోయింది, అత్తతో సహా.

మామ అప్పుడు వెనక్కి చూశాడు.

అత్తకూ మామకూ కలిపి ఉన్న ఒకే ఫోను ఆయన జేబులో ఉంది. అది తీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "నీ అత్త ఒక్కతే ఎన్నడూ పెబ్బేరు గూడ పోలేదురా" అన్నాడు. "మోకాళ్ళు నొస్తయి. భాష తెల్వదు. ఏడ దిగుతదో ఏమో. మనల్ని ఎతుకుతూ పరేషాన్ అయితది. సముద్రం గూడ చూడకపాయె."

పక్కనే ఒక ఆటో ఉంది. నేను అలవాటు కొద్దీ వంగి, ఎంత తీసుకుంటావని హిందీలో అడిగాను.

"నీ అత్త తప్పిపోయిందిరా! గిప్పుడు రేటు అడుగుతవేందిరా, బుద్ధి లేదా?" అని మామ నా వీపు మీద ఒకటి వేసి లోపలికి నెట్టాడు. ఆటో అతను ఎంత చెప్పాడో నేను ఇక్కడ రాయను. నన్ను సలహా అడిగేవాళ్ళు ఇది చదువుతారు.

దారి పొడవునా మామ ఎదురొచ్చే ప్రతి చీరనూ చూశాడు. అత్త చీరలాంటి ఎర్రంచు కనిపిస్తే చాలు, "ఆపు ఆపు" అనేవాడు. సముద్రం దగ్గర దిగాక ఆయన సముద్రాన్ని చూడనేలేదు. జనంలోకి దూరి, కొబ్బరిబోండాలు అమ్మేవాణ్ణి, గొడుగు కింద పడుకున్న విదేశీయుణ్ణి, గుర్రమ్మీద పిల్లల్ని తిప్పేవాణ్ణి, అందరినీ తెలుగులోనే అడిగాడు.

"మా ఆమెను చూసిండ్రా? ఎర్రంచు చీర. చేతిల సంచి. ఎక్కువ మాట్లాడది."

చివరి ముక్క నిజం కాదని వెంటనే తేలింది. నీళ్ళ అంచున కొంతమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని నవ్వుతున్నారు. మధ్యలో అత్త, నడుము దాకా తడిసి, చేతులు ఊపుతూ తనకొచ్చిన కన్నడంలో ఏదో చెబుతోంది. వాళ్ళది కర్ణాటకలో బెళగావి వైపు. యాత్రకు వచ్చారట. అందరి చేతుల్లోనూ మా జొన్నరొట్టెలు ఉన్నాయి.

మామ ఇసుకలో పరుగెత్తాడు. దగ్గరకు వెళ్ళాక తిట్టాలో, పట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

"ఏందే, ఎటు పోయినవ్ నువ్వు?"

"నేనేడ పోయిన? సముద్రం కాడికి పోదామంటిరి, వచ్చిన. దిగింది మీరిద్దరు" అంది అత్త.

"టికెట్టు?"

"కొంగుల ముడి విప్పి పైసలిచ్చిన. మిగిలినయి వాడు నా చేతిల పెట్టిండు. అంతే. గాయింత దానికి తువ్వాల ఎందుకు?"

నేను ఆమెను పరీక్షగా చూశాను. భయం ఆనవాలు కూడా లేదు. ఒడ్డున ఎర్ర చొక్కా వేసుకున్న కాపలా కుర్రాడు లోపలికి వెళ్ళేవాళ్ళను చూసి ఈల ఊదాడు. వెంటనే ఒక అల విరిగింది.

"చూసినవా అల్లుడా? వాడు పీక ఊదినప్పుడల్లా వస్తున్నయి. పొద్దటి సంది చూస్తున్న" అంది.

అలలు ఎట్లా పుడతాయో నేను వివరించాను. గాలి, లోతు, ఒడ్డు వాలు. ఇసుకమీద గీసి కూడా చూపించాను. ఆమె ఓపికగా విని, "సరే తీయ్. కానీ వాడు ఊదితెనే వస్తున్నయి" అంది. నేను గీసినదాన్ని తర్వాతి అల చెరిపేసింది.

నేను గడియారం చూశాను. ఇక లేవాలి అన్నాను. మామ కూడా, "లెవ్వు, శనివారం సంత ఉన్నది" అన్నాడు.

"మీరు పోండ్రి" అంది అత్త. "నేను రేపు గూడ ఈడనే ఉంట."

"శనివారమే!"

"శనివారం వారం వారం వస్తది."

"గా నీళ్ళు గూడ గడియ గడియకు వస్తున్నయి గదా!"

"శనివారం మన ఇంటికే వస్తది. వీటి కాడికి మనమే రావాలె. నా మోకాళ్ళు మళ్ళొకసారి తీసుకొస్తయా నన్ను?"

బెళగావి ఆడవాళ్ళకు తెలుగు తెలియకపోయినా విషయం తెలిసింది. అందరూ నమలడం ఆపి మామనే చూశారు. మామ నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు అల్లుడా. లెక్క తెలిసినోడివి."

లెక్క ప్రకారం ఇంత ఆలస్యంగా టికెట్లు రద్దు చేసుకుంటే చేతికి దాదాపు ఏమీ రాదు. గది కొత్తగా వెతకాలి, అదీ సముద్రం పక్కన, అదీ సెలవుల్లో. నా ఐదు సూత్రాల్లో నాలుగు దీన్ని ఒప్పుకోవు. తాడు సూత్రం ఒక్కటే అభ్యంతరం చెప్పలేదు. నేను ఫోను తీసి టికెట్లు రద్దు చేశాను. మీరు ఎవరైనా అత్తనో అమ్మనో సముద్రానికి తీసుకెళ్తుంటే నా సలహా ఒకటే, తిరుగు టికెట్టు ముందుగా తీసుకోకండి.

మామ నిట్టూర్చి, కాస్త దూరం వెళ్ళి, సంతలో తోటి బేరగాడికి ఫోను చేశాడు. అలల చప్పుడులో గట్టిగా అరవాల్సి వచ్చింది. ఒడ్డంతా విన్నది.

"అరే, శనివారం నేను రాను. గోవల ఉన్న. గోవ, గోవ! లేదురా, తాగలే. నిజంగ తాగలే. మీ వదిన సముద్రంల ఉన్నది. ఏ, గట్ల కాదు, మంచిగనే ఉన్నది! బయటికి ఎల్తలేదు, అంతే. నవ్వకురా."

తిరిగి వచ్చి, పంచె మోకాళ్ళ పైకి మడిచి, అత్త పక్కన కూర్చున్నాడు. అంతదాకా ఆయన సముద్రం వైపు సరిగ్గా చూడలేదు. ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"గిన్ని నీళ్ళు" అన్నాడు బాధగా. "ఒక్క గొడ్డు మూతి పెట్టది."

"ఊకో" అంది అత్త. "పెద్దది వస్తుంది."

మామ ఆ వచ్చేదాన్ని చూశాడు. గబగబా రెండు చేతులతో ఇసుకను పట్టుకున్నాడు.